ఈ ఆర్డరు ఏ దారిన వచ్చింది? – ఒక ఆన్‌లైన్ దుకాణం ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

అక్క నోటుపుస్తకాలు, ఇంకు పెన్నులు అమ్మే చిన్న ఆన్‌లైన్ దుకాణం నడుపుతుంది. సైటు కోడు నాది, మిగతాదంతా తనది. పొద్దున్నే ఫోన్ చేసి, "ఏమే, పోయిన నెల మనకు మొత్తం ఎన్ని ఆర్డర్లొచ్చాయి?" అంది. పట్టిక తెరిచి చూసి 112 అన్నాను.

"మరి సెర్చ్ యాడ్స్ డ్యాష్‌బోర్డు 61 నావంటోంది. సోషల్ మీడియా యాడ్స్‌ది 54 నావంటోంది. ఈమెయిళ్లు పంపే సర్వీసు 38 నావంటోంది. కూడితే 153. ఆ ఎక్కువొచ్చిన 41 ఆర్డర్ల డబ్బు ఎక్కడుందో కనుక్కో, నాకు అవసరం" అంది.

నవ్వొచ్చింది కానీ ప్రశ్న సరైనదే. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకావిడ సోమవారం సోషల్ మీడియాలో మా యాడ్ నొక్కి, గురువారం సెర్చ్‌లో మళ్లీ వెతికి యాడ్ మీదుగా వచ్చి, శనివారం మా ఈమెయిల్‌లోని లింకు నొక్కి కొనిందనుకోండి. ఆర్డరు ఒక్కటే, కానీ ముగ్గురూ తమ ఖాతాలో వేసుకుంటారు. క్లిక్కు తర్వాత ఎన్ని రోజుల్లోపు కొంటే తమ ఖాతాలో వేసుకోవాలన్నదానికి ఎవరి గడువు వాళ్లకుంది. ఎవరూ మార్చకపోతే మెటా యాడ్స్ (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వచ్చేవి) క్లిక్కు తర్వాత 7 రోజులు, ఊరికే చూసి వదిలేసినా 1 రోజు లెక్కలో పెట్టుకుంటుంది. గూగుల్ యాడ్స్‌లో క్లిక్కు తర్వాత 30 రోజులు. పక్కవాడు ఏం చేశాడో ఒకరికొకరికి కనిపించదు. అందుకే మూడు డ్యాష్‌బోర్డులనీ కూడడం తప్పు. ఒకదానితో ఒకటి పోల్చడం కూడా తప్పే, ఒక్కొక్కటి ఒక్కో కొలతతో కొలుస్తోంది కాబట్టి.

ఇవాళ తీసుకున్న నిర్ణయం: మా ఆర్డర్ల పట్టికే అసలు లెక్క. డబ్బు చేతికొచ్చిన ప్రతి ఆర్డరు వరుసలోనే, అది ఏ దారిన వచ్చిందో రాసి ఉండాలి. ఆన్‌లైన్ దుకాణాలు నడపడానికి వూకామర్స్ అనే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు 2024 జనవరిలో వచ్చిన 8.5 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం లోపలే ఉంది. మాది సొంత కోడు, నేనే రాసుకోవాలి. రెండు వారాలు చాలనుకుంటున్నాను.

రెండో రోజు

సైటుకు ఎవరు ఏ దారిన వచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ తెరిచాం. అన్నిటికన్నా పెద్ద గీత 'డైరెక్ట్'ది. అక్క ముఖం వెలిగిపోయింది. "చూశావా, జనం మన పేరు గుర్తుపెట్టుకుని టైపు చేసి మరీ వస్తున్నారు!"

ఆ సంతోషం పాడుచేయక తప్పలేదు. డైరెక్ట్ అనే మాటకు ఇక్కడ అర్థం 'నేరుగా వచ్చారు' అని కాదు, 'ఎక్కడినుంచి వచ్చారో తెలియలేదు' అని. టైపు చేసినవాళ్లు, బుక్‌మార్క్ నొక్కినవాళ్లు అందులో ఉంటారు, నిజమే. వాళ్లతోపాటు వాట్సాప్‌లో స్నేహితురాలు పంపిన లింకు నొక్కినవాళ్లు, పీడీఎఫ్‌లోని లింకు మీదుగా వచ్చినవాళ్లు, ఫోన్‌లోని మెయిల్ యాప్ నుంచి వచ్చినవాళ్లు కూడా అందులోనే పడతారు. అదొక కలగూరగంప.

ఒక వెబ్ పేజీ నుంచి ఇంకో సైటుకు వెళ్లినప్పుడు బ్రౌజరు 'రిఫరర్' అనే చిన్న చీటీ పంపుతుంది, ఫలానా చోటు నుంచి వస్తున్నాడని. యాప్‌ల నుంచి వచ్చినప్పుడు చాలాసార్లు ఆ చీటీ ఉండదు. ఉన్నా అందులో పెద్దగా సమాచారం ఉండదు. 2020లో వచ్చిన క్రోమ్ 85 నుంచి మామూలుగా సైటు పేరు వరకే వస్తుంది, ఏ పేజీ నుంచో రాదు.

ఈ చీటీని చదివే కోడు రాయడానికి కూర్చుంటే గంటసేపు ఖాళీగానే వచ్చింది. చివరికి తెలిసిందేమిటంటే, నేను స్పెల్లింగు సరిగ్గా రాశాను. ఇంగ్లీషులో ఆ మాటకు మధ్యలో రెండు 'ఆర్'లు ఉండాలి. బ్రౌజర్లు, సర్వర్లు మాట్లాడుకునే హెచ్‌టీటీపీ నియమాలు రాసిన తొలిరోజుల్లో ఎవరో ఒకటే రాశారు, ఆ తప్పు అలాగే స్థిరపడిపోయింది. సర్వర్‌లో ఒక 'ఆర్'తో అడగాలి. అదే సంగతి బ్రౌజర్‌లో జావాస్క్రిప్టును అడిగితే మాత్రం రెండు 'ఆర్'లు! ఇన్నేళ్లుగా కోడు రాస్తూ ఇవాళ దీని మీద పడ్డాను.

నాలుగో రోజు

రిఫరర్‌ను నమ్ముకుంటే లాభం లేదు. మేం బయట పెట్టే ప్రతి లింకుకూ మేమే గుర్తు తగిలించాలి. దానికి అందరూ వాడేవి యూటీఎమ్ ట్యాగులు. సోర్స్ (ఏ చోటు నుంచి), మీడియం (ఏ రకం దారి), క్యాంపెయిన్ (ఏ ప్రచారం), టర్మ్, కంటెంట్ అని అయిదు. లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి వీటిని చేరుస్తాం. యూటీఎమ్‌లో 'యూ' అంటే అర్చిన్. 2005లో గూగుల్ కొనుక్కున్న కంపెనీ పేరది. గూగుల్ అనలిటిక్స్ దానిమీదే పుట్టింది. కంపెనీ పేరు పోయినా లింకుల్లో మొదటి అక్షరం మాత్రం మిగిలింది.

అక్క ఏడాదిగా ఈ ట్యాగులు పెడుతూనే ఉంది. ఎలా పెట్టిందో ఇవాళ చూశాను. ఒకే సోషల్ మీడియాకు అయిదు పేర్లు: మొదటి అక్షరం పెద్దది చేసి ఒకటి, అన్నీ చిన్నవి చేసి ఒకటి, ముద్దుపేరు ఒకటి, రెండక్షరాల పొట్టిపేరు ఒకటి, చివర ఖాళీ జాగా ఉన్నది ఇంకొకటి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వస్తే అనలిటిక్స్‌కు అవి వేర్వేరు సోర్సులే. కాబట్టి ఆ ఒక్క సోషల్ మీడియా తెచ్చిన అమ్మకాలు అయిదు ముక్కలై, ఒక్కొక్కటీ చిన్నదిగా కనిపిస్తూ, పట్టికలో అడుగున పడి ఉన్నాయి.

ఇంతకన్నా తమాషా మీడియం గడిలో ఉంది. ఈమెయిల్ లింకులకు తను 'మెయిల్ బ్లాస్ట్' అని రాసింది. గూగుల్ అనలిటిక్స్‌కు కొన్ని తెలిసిన పేర్లుంటాయి. సోర్స్, మీడియం గడుల్లో ఏది రాశామో చూసి 'ఈమెయిల్', 'పెయిడ్ సెర్చ్' లాంటి గంపల్లో వేస్తుంది. తెలియని మాట కనిపిస్తే 'అన్‌అసైన్డ్' అనే గంపలో పడేస్తుంది. మా ఈమెయిళ్లు తెచ్చిన అమ్మకాల్లో చాలాభాగం అక్కడే మగ్గుతోంది.

"ముందే చెప్పొచ్చుగా" అంది. నిజమే, చెప్పాల్సింది నేనే.

మందు మామూలుదే. ఒక షీటు చేశాను. సోర్స్, మీడియం గడులు డ్రాప్‌డౌన్, చేత్తో రాయడానికి లేదు. క్యాంపెయిన్ పేరులో ముందు నెల, తర్వాత విషయం, అన్నీ చిన్నక్షరాలే, ఖాళీ జాగా బదులు అడ్డగీత. చివరి కాలమ్‌లో ఫార్ములా లింకును తయారుచేసి పెడుతుంది, తను కాపీ చేసుకుంటే చాలు. లింకు చేత్తో రాయడం ఇవాళ్టితో బంద్.

ఆరో రోజు

కొత్త లింకులు నొక్కి చూస్తుంటే కొన్నిట్లో ట్యాగులు మాయం. లింకు నొక్కుతాం, పేజీ తెరుచుకుంటుంది, పైన చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాత ఉండాల్సిందంతా లేదు. పొట్టి లింకులు ఇచ్చే సర్వీసు మింగేస్తోందేమో అనుకుని సగం రోజు దాన్ని తిట్టుకున్నాను. తీరా చూస్తే దోషి నేనే. ముందు మూడు డబ్ల్యూలు లేకుండా వచ్చేవాళ్లను డబ్ల్యూలున్న చిరునామాకు మళ్లించే నియమం ఒకటి సర్వర్‌లో రాసి చాలాకాలమైంది. అందులో పేజీ పేరు వరకే తీసుకుని మిగతాది వదిలేశాను. ఇన్నాళ్లూ డబ్ల్యూలు లేని లింకు నొక్కినవాళ్లంతా గుర్తు పోగొట్టుకుని లోపలికొచ్చారు.

సరిచేశాను. అక్కకు ఈ భాగం క్లుప్తంగా చెప్పాను.

ఎనిమిదో రోజు

అసలు పని ఇవాళ. ఎవరైనా సైటులో అడుగుపెట్టగానే కోడు మూడు విషయాలు చూస్తుంది: లింకులో యూటీఎమ్ ఉందా, ఆ క్లిక్కును గుర్తుపట్టడానికి యాడ్ కంపెనీ తగిలించిన క్లిక్ ఐడీ ఉందా, బయటి సైటు నుంచి వచ్చిన రిఫరర్ ఉందా. వీటిలో ఏ ఒక్కటున్నా కుకీలో, అంటే వచ్చినవాళ్ల బ్రౌజరులో సైటు దాచుకునే చిన్న ఫైలులో, రాసిపెడుతుంది. మొదటిసారి వచ్చిన దారి ఒక గడిలో, ఆఖరిసారి వచ్చిన దారి ఇంకో గడిలో. మొదటిది ఎప్పటికీ మారదు. రెండోది కొత్త దారి కనిపించినప్పుడల్లా మారుతుంది. మూడింటిలో ఏదీ లేకుండా వస్తే, అంటే డైరెక్ట్‌గా వస్తే, రెండో గడిని ముట్టుకోదు. నిన్న ఈమెయిల్ మీదుగా వచ్చి ఇవాళ నేరుగా వచ్చి కొన్న మనిషికి దారి చూపింది ఈమెయిలే కదా.

ఆర్డరు పూర్తయ్యే ముందు ఈ గడులన్నీ ఆర్డరు వరుసలోకి ఎక్కుతాయి: మొదటి దారి, దాని తేదీ, ఆఖరి దారి, దాని తేదీ, మొదట దిగిన పేజీ, కూపన్.

కుకీని మొదట జావాస్క్రిప్టుతోనే పెట్టాను. తర్వాత గుర్తొచ్చింది, ఐఫోన్లలో ఉండే సఫారీ బ్రౌజరు 2019 నుంచి అలా పెట్టిన కుకీలను 7 రోజులకే తీసేస్తోంది. కొన్ని రకాల యాడ్ లింకుల మీదుగా వస్తే ఒక్కరోజుకే. ఒక మంచి పెన్ను కొనడానికి రెండు మూడు వారాలు ఆలోచించేవాళ్లు మాకు బోలెడుమంది. వాళ్లలో ఐఫోన్ వాళ్లంతా పదో రోజున తిరిగొస్తే మాకు కొత్తవాళ్లలా కనిపిస్తారు. అందుకని కుకీ పెట్టే పని మా సర్వర్‌కే అప్పగించాను. పూర్తిగా తీరదు. ఫోన్‌లో చూసి కంప్యూటర్‌లో కొనేవాళ్ల విషయంలో ఏ కుకీ ఏమీ చేయలేదు. కానీ కొంత మెరుగు.

కుకీకి అనుమతి అడగాల్సిన చోట అడుగుతున్నాం. ఇవ్వనివాళ్ల దారి దాచుకోం, ఆ గడిలో 'అనుమతి లేదు' అని పడుతుంది. 2018 మే నుంచి యూరప్‌లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లో ఉంది, అక్కడికీ మా పార్సిళ్లు వెళతాయి. చట్టం లేకపోయినా అక్క ఇదే అడిగేది. తనకు తెలియకుండా తన వెనక ఎవరైనా తిరిగితే తనకూ నచ్చదు.

పదో రోజు

కొత్త పద్ధతి పెట్టి రెండు రోజులైంది. అక్క ఫోన్: "మన అమ్మకాలన్నీ డబ్బు కట్టించుకునే కంపెనీ తెస్తోందట. వాళ్లకు యాడ్ డబ్బులు కూడా ఇస్తున్నామా?"

చూస్తే నిజంగానే అన్ని వరుసల్లోనూ ఆఖరి దారి గడిలో పేమెంట్ గేట్‌వే పేరే ఉంది. కొనేవాళ్లు చెకౌట్ నుంచి డబ్బు కట్టే పేజీకి వెళతారు, కట్టి మా సైటుకు తిరిగొస్తారు. ఆ తిరిగిరావడం మా కోడుకు బయటి సైటు నుంచి కొత్తగా వచ్చినట్టు కనిపించింది. ఈ గుంటలో పడనివాళ్లు అరుదని విన్నాను, అయినా పడ్డాను.

రెండు మార్పులు చేశాను. పేమెంట్ పేజీల పేర్లు, కార్డుకు ఓటీపీ అడిగే బ్యాంకు పేజీల పేర్లు ఒక జాబితాలో పెట్టి, అక్కడినుంచి వస్తే దారిగా లెక్కించవద్దని చెప్పాను. రెండోది ఇంకా గట్టిది: డబ్బు కట్టడానికి పంపేముందే దారిని ఆర్డరులో రాసి తాళం వేసేస్తున్నాను. ఆ తర్వాత ఏం జరిగినా అది మారదు. గూగుల్ అనలిటిక్స్‌లోనూ ఇలాంటి సైట్లను పక్కన పెట్టే జాబితా సెట్టింగ్ ఉంది, అక్కడా చేర్చాను. రెండు రోజుల డేటా పోయినట్టే.

పదకొండో రోజు

ఇవాళ ఇంకోటి. ఆఖరి దారి గడిలో 'హోమ్ పేజీ బ్యానర్' అని వరసగా పడుతోంది. షీటు నచ్చి అక్క ఉత్సాహంగా మా సొంత సైటులోని బ్యానర్లకు కూడా యూటీఎమ్ లింకులు పెట్టింది. బయటినుంచి ఏ దారిన వచ్చినా, బ్యానర్ నొక్కగానే పాత దారి తుడిచిపెట్టుకుపోతోంది. ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లినవాణ్ణి పట్టుకుని ఏ ఊరి నుంచి వచ్చావని అడిగినట్టుంది. సైటు లోపలి లింకులకు యూటీఎమ్ పెట్టకూడదు. ఇప్పుడు షీటులో మా సైటు బ్యానర్ అనే ఆప్షనే లేదు.

పదమూడో రోజు

'ధన్యవాదాలు' పేజీ తెరుచుకున్నప్పుడల్లా ఒక అమ్మకం జరిగినట్టు యాడ్ కంపెనీలకు కబురు వెళుతోంది. బాగానే ఉంది కానీ, ఆర్డరు రసీదు ఈమెయిల్‌లో మేం ఇచ్చే లింకు కూడా అదే పేజీది! పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడానికి జనం రోజూ దాన్ని తెరుస్తారు. మొదటిరోజు మిస్టరీలో కొంతభాగం ఇదేనేమో. ఆర్డరు నంబరు జతచేసి పంపితే అదే అమ్మకాన్ని రెండోసారి లెక్కపెట్టకుండా ఆపొచ్చు. అది చేశాను. దాంతోపాటు డబ్బు అందినట్టు గేట్‌వే మా సర్వర్‌కు చెప్పిన క్షణాన్నే అమ్మకంగా నమోదు చేసేలా మార్చాను.

పదిహేడో రోజు

శుభ్రమైన డేటాతో మొదటి వారం. అక్క కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. మొదటి దారి ప్రకారం ఒక పట్టిక, ఆఖరి దారి ప్రకారం ఇంకో పట్టిక. రెండూ చెప్పే కథలు వేరు. మొదటిదాంట్లో సోషల్ మీడియా పైన ఉంది, ఆఖరిదాంట్లో ఈమెయిల్, సెర్చ్ పైకొచ్చాయి.

"ఇందులో ఏది నిజం?"

రెండూ నిజమే అన్నాను. పరిచయం చేసినవాళ్లు ఒకరు, కొనడానికి చేయి పట్టుకుని తీసుకొచ్చినవాళ్లు ఇంకొకరు. గూగుల్ అనలిటిక్స్‌లో మొదటి క్లిక్కుకే ఘనత ఇచ్చే పద్ధతి, అందరికీ సమానంగా పంచే పద్ధతి, ఇంకా రెండు ఉండేవి. 2023లో వాటిని తీసేశారు. ఇప్పుడు ఉన్నది ఆఖరి క్లిక్కు, లేదా వాళ్ల అల్గారిథం తనే పంచే పద్ధతి. మా వరుసలు మా దగ్గరున్నాయి కాబట్టి మాకు కావలసినట్టు చూసుకోవచ్చు. ఎలా పంచాలన్న వాదనలో దిగొద్దని మాత్రం ఇద్దరం అనుకున్నాం.

ఈ పట్టికల్లో ఎక్కువసేపు ఆగింది కూపన్ దగ్గర. పెన్నుల గురించి వీడియోలు చేసే ఒకావిడకు అక్క ఒక కూపన్ కోడు ఇచ్చింది. ఆ కోడు వాడిన ప్రతి ఆర్డరుకూ ఆవిడకు వాటా. వారంలో 14 ఆర్డర్లు ఆ కోడుతో వచ్చాయి. వాటిలో 5 మాత్రమే ఆవిడ లింకు మీదుగా. 6 కూపన్లు పోగేసే ఒక సైటు మీదుగా వచ్చాయి. మిగతా 3 మా ఈమెయిళ్ల మీదుగా.

ఏం జరుగుతోందో ఊహించడం కష్టం కాదు. సరుకంతా బుట్టలో వేసుకుని డబ్బు కట్టబోతుంటే 'కూపన్ కోడు ఉందా?' అనే ఖాళీ పెట్టె కనిపిస్తుంది. అంతవరకూ ఆ ఆలోచనే లేని మనిషి వెంటనే సెర్చ్‌కు వెళ్లి మా పేరు, కూపన్ అని కొడుతుంది. కోడు దొరుకుతుంది, తిరిగొచ్చి కొంటుంది. మా పట్టికలో ఆఖరి దారి కూపన్ సైటు. నిజానికి ఆ అమ్మకం అప్పటికే అయిపోయింది. మేమే తలుపు తీసి బయటికి పంపి, తగ్గింపూ ఇచ్చి, మళ్లీ లోపలికి పిలిచాం.

ఆ పెట్టెను చిన్న లింకు వెనక దాచాను. వీడియోలావిడ కోడుకు బదులు ఆవిడ లింకు నుంచి వచ్చినవాళ్లకు తగ్గింపు తనంతట తనే పడేలా చేశాం. ఆవిడ వాటా విషయం మాత్రం అక్క సున్నితంగా మాట్లాడింది. వీడియో చూసి, లింకు నొక్కకుండా, తర్వాత కోడు వెతుక్కుని వచ్చినవాళ్లు కూడా ఉండొచ్చు కదా. అందుకే పాత కోడు మీద రావాల్సిన వాటా పూర్తిగా ఇచ్చేసింది.

పంతొమ్మిదో రోజు

చిన్న ముచ్చట. ఈమెయిళ్లను తెరిచేవాళ్ల శాతం బ్రహ్మాండంగా ఉందని అక్క ధీమా. 2021లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15తో ఆపిల్ మెయిల్‌లో ఒక మార్పు వచ్చింది. అది ఎంచుకున్నవాళ్ల మెయిళ్లలోని బొమ్మలను, మనిషి తెరిచినా తెరవకపోయినా, ఆపిల్ సర్వర్లే ముందుగా దించుకుంటాయి. ఈమెయిళ్లు పంపే సర్వీసు ప్రతి మెయిల్‌లో కనబడని చిన్న బొమ్మ ఒకటి పెడుతుంది, అది దిగడమే 'తెరిచారు' అనడానికి గుర్తు కాబట్టి, తెరవనివీ తెరిచినట్టే లెక్క. క్లిక్కులు, ఆర్డర్లు చూడమన్నాను. "నువ్వు ఈ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పటినుంచి నాకు ఒక్క మంచి వార్త చెప్పలేదు" అంది.

ఇరవై రెండో రోజు

లింకులు ఎంత శుభ్రం చేసినా ఒకటి పట్టుబడదు. మా ఈమెయిల్‌లోని లింకును ఒకావిడ స్నేహితురాలికి వాట్సాప్‌లో పంపిందనుకోండి. ఆ స్నేహితురాలు కొంటే మా పట్టికలో 'ఈమెయిల్' అని పడుతుంది. ఆవిడ మా ఈమెయిల్ జాబితాలోనే లేదు.

అందుకని మనుషులనే అడుగుదామనుకున్నాం. ధన్యవాదాల పేజీలో ఒకే ప్రశ్న: 'మా గురించి మొదట ఎక్కడ విన్నారు?' ఆరు ఆప్షన్లు, ఏడోది రాసుకోవడానికి ఖాళీ గడి. మొదటి రెండు రోజులూ పైనున్న ఆప్షనే అందరూ నొక్కారు. తొందరలో ఉన్నవాళ్లు పైదే నొక్కుతారు. ఆప్షన్ల వరస ఒక్కొక్కరికి ఒక్కోలా మారేట్టు చేశాక జవాబులు విడిపోయాయి.

ఈ డైరీలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ ఖాళీ గడి. "ఆఫీసులో పక్క సీటు ఆవిడ పెన్ను చూసి." "మా అబ్బాయి టీచరు చెప్పారు." "గుర్తులేదు, ఎప్పటినుంచో తెలుసు." పట్టికలో డైరెక్ట్ అనో, సెర్చ్ అనో పడినవి ఇవే. జ్ఞాపకం కూడా తప్పు చెబుతుంది, అందరూ జవాబివ్వరు. అయినా లింకుల లెక్క పక్కన ఇదొక కాలమ్‌గా పెట్టాను. రెండూ కలవని వరుసలను అక్క విడిగా చదువుతోంది, తన దుకాణానికి వచ్చే ఉత్తరాల్లా.

ఇరవై ఆరో రోజు

తేదీల తగువు. మంగళవారం సెర్చ్ యాడ్స్‌లో 4 అమ్మకాలు, మా దగ్గర ఒకటే. యాడ్ డ్యాష్‌బోర్డు అమ్మకాన్ని క్లిక్కు జరిగిన రోజు ఖాతాలో వేస్తుంది. మేం డబ్బు అందిన రోజున వేస్తాం. పైగా యాడ్ ఖాతా టైమ్ జోన్ వేరుగా ఉంది, ఎప్పుడో ఖాతా తెరిచినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. అందుకే పోయిన వారం గణాంకాలు ఈ వారం చూస్తే పెరుగుతాయి. రోజువారీ పోల్చడం మానేసి, నెల చివర ఇంకో పది రోజులు ఆగి చూడాలని రాసుకున్నాను.

ఇరవై ఎనిమిదో రోజు

అక్కకు కోపం వచ్చింది. "ఇదంతా బాగుంది. కానీ నేనడిగింది ఎవరు తెచ్చారని కాదు. దేన్ని ఆపితే నాకు నష్టం లేదని."

నెల రోజులుగా నేను చేస్తున్నదాన్ని ఒక్క వాక్యంలో తిప్పేసింది. ఎవరు తెచ్చారన్నదానికి పట్టిక జవాబు చెబుతుంది. ఆపితే ఏమవుతుందన్నదానికి ఆపి చూడాల్సిందే.

మొదట దేన్ని ఆపాలో తేలికే. జనం మా దుకాణం పేరే సెర్చ్‌లో కొట్టినప్పుడు పైన వచ్చే యాడ్. పట్టికలో దానంత చవగ్గా అమ్మకాలు తెచ్చేది ఇంకొకటి లేదు, అందుకే అనుమానం. పేరు కొట్టినవాళ్లు మాకోసమే వెతుకుతున్నారు. యాడ్ లేకపోతే దాని కిందే మామూలు ఫలితం ఉంది. ఈబే అనే పెద్ద ఆన్‌లైన్ అంగడి ఇలాగే ఆపి చూసిన ప్రయోగం ప్రసిద్ధం. థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టడెలిస్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాలను 2015లో ప్రచురించారు. 2012లో తమ పేరు మీది యాడ్లు ఆపితే, పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం మామూలు ఫలితాల మీదుగా తిరిగొచ్చేశాయి. అయితే ఈబే పేరు తెలియనివాళ్లుండరు. మా పేరు అలాంటిది కాదు. పోటీ దుకాణం ఎవరైనా మా పేరు మీద యాడ్ వేస్తే కథ మారుతుంది. ముందు వెతికి చూశాం, ఎవరూ వేయడం లేదు.

రెండు వారాలు ఆపుతున్నాం. అక్కకు టెన్షన్, నాకూ కొంచెం.

నలభై మూడో రోజు

ముందు రెండు వారాల్లో పేరు మీది యాడ్ తెచ్చినవి 19, మామూలు సెర్చ్ తెచ్చినవి 14, మొత్తం 33 ఆర్డర్లు. ఆపిన రెండు వారాల్లో మామూలు సెర్చ్ 30. తేడా మూడు. ఏమీ మార్చకుండానే వారానికీ వారానికీ మాకు అంతకన్నా ఎక్కువ ఊగుతుంది. యాడ్ మళ్లీ పెట్టలేదు. పోటీవాళ్లెవరైనా మా పేరు మీదికి వచ్చారేమోనని నెలకోసారి చూడడం అక్క క్యాలెండర్‌లో పడింది.

ఆ ఊపులో సోషల్ మీడియా యాడ్స్ కూడా ఆపేద్దామంది. ఆఖరి దారి పట్టికలో అవి అడుగున ఉన్నాయి మరి. ఒప్పుకున్నాను, మూడు వారాలకు.

అరవై అయిదో రోజు

సోషల్ మీడియా ఆపిన మొదటి వారం తేడా లేదు. రెండో వారం డైరెక్ట్ ఆర్డర్లు తగ్గడం మొదలైంది. మూడో వారం మా పేరుతో సెర్చ్ చేసి వచ్చేవాళ్లూ తగ్గారు. ప్రశ్నకు జవాబుల్లో 'సోషల్ మీడియాలో చూశాను' అన్నవి సగానికి సగం పడిపోయాయి. యాప్‌లో యాడ్ చూసి, అక్కడ నొక్కకుండా, నాలుగు రోజులాగి పేరు వెతుక్కుని వచ్చేవాళ్లన్నమాట. వాళ్లను ఏ లింకూ పట్టుకోలేదు. మాది చిన్న దుకాణం, ఇన్ని తక్కువ ఆర్డర్లతో గట్టిగా చెప్పలేం, మరో కారణం కూడా ఉండొచ్చు. నిన్న మళ్లీ మొదలుపెట్టాం, ఇదివరకటి ఖర్చులో సగంతో. ఆరు వారాలయ్యాక తిరిగి చూస్తాం.

వాపసు వచ్చిన ఆర్డర్లను తీసేసి చూసే కాలమ్ కూడా చేర్చాను. ఒక క్యాంపెయిన్‌లో ప్రతి మూడు ఆర్డర్లలో ఒకటి వెనక్కొచ్చింది. యాడ్ బొమ్మలో పెన్ను నిజంకన్నా పెద్దదిగా కనిపించిందట. ఆ బొమ్మ మార్చాలి.

అరవై ఏడో రోజు

పార్సిల్‌లో పెట్టే కాగితం మీద క్యూఆర్ కోడు వేయించింది అక్క, రెండోసారి కొనేవాళ్లు ఎంతమందో తెలియడానికి. షీటు తెరవకుండా, తొందరలో, లింకు చేత్తో రాసి ప్రెస్సుకు పంపేసింది. క్యాంపెయిన్ పేరులో రెండక్షరాలు తారుమారయ్యాయి. రెండు వేల కాగితాలు అచ్చయి ఇంటికొచ్చాయి.

"పారేయనా?"

వద్దన్నాను. ఆ తప్పు స్పెల్లింగు కనిపిస్తే సరైన పేరుగా మార్చే ఒక లైను కోడులో చేర్చాను. పక్కన కామెంటు కూడా రాశాను: అక్క కాగితాలు అయిపోయేదాకా తీయకూడదు.